గేట్‌వే ఒకటే, మోసేవి రెండు

మాదాపూర్‌లోని పెద్ద ఐటీ ఆఫీసులో నెట్‌వర్క్ మీద చెయ్యి వెయ్యాలంటే శనివారం ఉదయం దాకా ఆగాలి. వారం రోజులూ పగలు ఇక్కడివాళ్ల పని. ఎండాకాలంలో మన సాయంత్రం ఆరున్నరకు న్యూయార్క్‌లో తొమ్మిదవుతుంది, అక్కడివాళ్లు లాగిన్ అవడం మొదలవుతుంది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆఫీసులు మూసేసరికి ఇక్కడ శనివారం తెల్లవారి ఆరున్నర. నెట్‌వర్క్ బృందాలు ‘చేంజ్ విండో’ అనే ఖాళీ అప్పటి నుంచి మొదలవుతుంది. ఆ వేళ సర్వర్ రూమ్‌లో చేసే పరీక్షల్లో ఒకటి చూడటానికి చాలా మొరటుగా ఉంటుంది. అంతస్తులన్నిటినీ కలుపుతూ నిక్షేపంగా పనిచేస్తున్న కోర్ స్విచ్‌కి కరెంటు తీసేస్తారు.

అదే సమయంలో పై అంతస్తులో ఒక లినక్స్ లాప్‌టాప్ బయటి సర్వర్‌కు సెకనుకో పింగ్, అంటే ‘ఉన్నావా’ అనే ప్రశ్న, పంపుతుంటుంది. 41, 42, 43 అని జవాబులు వరసగా వస్తూ ఆగిపోతాయి. ఆ తర్వాత తెర మీద కనిపించేది 47. మధ్యలోని మూడూ పోయాయి. పక్కనే విండోస్ లాప్‌టాప్ ఉంటే అందులో ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ ఒక్కసారే కనిపించవచ్చు. అది ఒక్కో జవాబు కోసం నాలుగు సెకన్లు వేచి చూస్తుంది కాబట్టి తక్కువ నష్టమైనట్టు అనిపిస్తుంది, అంతే. రెండూ చూసింది ఒకే సంఘటన. దాదాపు మూడు సెకన్లు ఆ అంతస్తు బయటి ప్రపంచానికి దూరమైంది, ఎవరూ ఏమీ చేయకుండానే మళ్లీ కలిసింది.

ఆ మూడు సెకన్లలో ఒక యంత్రం ఒక నిర్ణయం తీసుకుంది. ఆ నిర్ణయం ఎంత కష్టమైనదో కంప్యూటర్ శాస్త్రానికి నలభై ఏళ్లుగా తెలుసు.

ముందు లాప్‌టాప్ సంగతి. దానికి నెట్‌వర్క్ గురించి తెలిసింది చాలా తక్కువ. నా చిరునామా 10.20.20.57, నా పక్కవాళ్లు 10.20.20 తో మొదలయ్యేవాళ్లు, మిగతా ప్రపంచానికి వెళ్లాల్సినదేదైనా 10.20.20.1 చేతిలో పెట్టాలి. ఆ ఆఖరి చిరునామానే డీఫాల్ట్ గేట్‌వే అంటారు. ప్యాకెట్‌ను నిజంగా దాని చేతిలో పెట్టాలంటే హార్డ్‌వేర్ చిరునామా, అంటే మ్యాక్ అడ్రస్, కావాలి. అందుకే లాప్‌టాప్ అంతస్తంతా వినేలా ఒక ప్రశ్న వేస్తుంది: 10.20.20.1 ఎవరు? గేట్‌వే జవాబిస్తుంది. లాప్‌టాప్ ఆ జవాబు రాసిపెట్టుకుని, ఇక ప్రతిదీ అటే పంపుతుంది. 1982లో డేవిడ్ ప్లమ్మర్ రాసిన ఏఆర్పీ పద్ధతి ఇదే. నేటికీ దాదాపు అలాగే నడుస్తోంది.

ఇందులో ఉన్న బలహీనత అప్పట్లో ఎవరినీ పెద్దగా బాధించలేదు. గేట్‌వే చచ్చిపోతే లాప్‌టాప్‌కు తెలియదు, తెలిసినా వేరే దారి ఎరగదు. పక్కనే రెండో రౌటర్ పెట్టి 10.20.20.2 అని చిరునామా ఇచ్చినంత మాత్రాన లాభం లేదు. వెయ్యి లాప్‌టాప్‌లకు ఆ కొత్త చిరునామా ఎవరు చెప్పాలి? యంత్రాలే తమంతట తాము రౌటర్లను కనిపెట్టుకునే పద్ధతి ఒకటి 1991లో వచ్చింది. అందులో ఒక రౌటర్ ప్రకటన మామూలుగా అరగంట చెల్లుతుంది. అరగంట పాటు చచ్చిన రౌటర్‌ను నమ్ముకుని కూర్చునే పద్ధతితో ఆఫీసు నడవదు.

పరిష్కారం వైపు నుంచి చూస్తే 1998 మంచి సంవత్సరం. మార్చిలో సిస్కో తన హెచ్‌ఎస్‌ఆర్‌పీ పద్ధతిని బహిరంగ పత్రంగా ప్రచురించింది. ఏప్రిల్‌లో అన్ని కంపెనీల పరికరాలకూ పనికొచ్చే ప్రమాణంగా వీఆర్‌ఆర్‌పీ వచ్చింది. ఆ ఏడాదే నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అంతకు ముందు హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీలకు అమీర్‌పేట మైత్రీవనంలోని సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా పెద్ద దిక్కు. సెకనుకు 64 కిలోబిట్ల ఉపగ్రహ లింకులు మామూలైన రోజులవి. ఉన్న లింకు ఒక్కటే అయినప్పుడు రెండు గేట్‌వేలున్నా ఒరిగేదేమీ లేదు. ఒకే అంతస్తులో వందల మంది కూర్చుని నిమిషం నిమిషానికీ అమెరికాతో మాట్లాడే భవనాలు లేచాకే ఆ రెండో పెట్టె అవసరం ఇక్కడ పడింది.

ఈ ఆఫీసులో గేట్‌వే పని చూసేవి రెండు కోర్ స్విచ్‌లు. వీఆర్‌ఆర్‌పీ చేసే పని ఇది. 10.20.20.1 అనే చిరునామాను ఏ స్విచ్‌కూ సొంతంగా ఇవ్వరు. మొదటి కోర్ స్విచ్‌ది 10.20.20.2, రెండోదానిది 10.20.20.3. ఒకటో నంబరు ఇద్దరిదీ, ఎవరిదీ కాదు. దానికో మ్యాక్ అడ్రస్ కూడా కల్పిస్తారు. 00-00-5ఈ-00-01 అన్నంత వరకు ప్రపంచమంతటా ఒకటే, చివరి జత ఆ చిరునామాను పంచుకునే స్విచ్‌ల గ్రూపు నంబరు. గ్రూపు అయిదైతే 05. ఏ సమయంలోనైనా ఒక స్విచ్ ‘యాక్టివ్‌’గా ఉండి ఈ కల్పిత చిరునామాలకు జవాబిస్తుంది, రెండోది ‘బ్యాకప్‌’గా వింటూ ఉంటుంది. అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ మారినా ఇంటర్‌కామ్ నంబరు మారనట్టే, ఎవరు డ్యూటీలో ఉన్నా లాప్‌టాప్ రాసిపెట్టుకున్న జవాబు చెల్లుతూనే ఉంటుంది. వెయ్యి యంత్రాల్లో ఒక్కదాన్నీ ముట్టుకోనవసరం లేదు. నా దృష్టిలో ఈ పద్ధతిలోని అసలు అందం ఇక్కడే ఉంది. మార్పు భారమంతా రెండు పెట్టెల మధ్యే ఉండిపోతుంది, వాడేవాళ్ల దాకా పోదు.

ఇక డ్యూటీ ఎలా మారుతుంది? యాక్టివ్ స్విచ్ సెకనుకోసారి ‘నేనున్నాను’ అని ప్రకటిస్తుంది. ఆ ప్రకటన 224.0.0.18 అనే ఉమ్మడి చిరునామాకు పోతుంది, అందులో దాని ప్రయారిటీ అంకె ఉంటుంది. ప్రకటన మీద ‘టీటీఎల్’ అనే అంకె తప్పనిసరిగా 255 ఉండాలి. దారిలో ఏ రౌటర్ దాటినా ఆ అంకె ఒకటి తగ్గుతుంది, 255 కన్నా ఎక్కువ రాయడానికి ఆ గడిలో చోటే లేదు. కాబట్టి 254తో వచ్చిన ప్రకటన బయటి నెట్‌వర్క్ నుంచి వచ్చిందని తెలిసిపోతుంది, దాన్ని చదవకుండానే పారేస్తారు. ఏ రహస్య సంకేతమూ లేకుండా, ఒక్క అంకెతో దూరపు మోసగాణ్ని గుమ్మం దగ్గరే ఆపేశారు. అదే అంతస్తులో కూర్చున్నవాణ్ని మాత్రం ఇది ఆపలేదు.

బ్యాకప్ మూడు ప్రకటనల కాలం, ఆ పైన మరికొంచెం ఆగుతుంది. ఆ ‘మరికొంచెం’ ప్రయారిటీని బట్టి ఉంటుంది. 256లోంచి ప్రయారిటీ తీసేసి, మిగిలినదాన్ని 256తో భాగిస్తే వచ్చే సెకన్లు. మామూలు ప్రయారిటీ 100 అయితే అది 0.61. మొత్తం 3.61 సెకన్లు. బ్యాకప్‌లు ఒకటికన్నా ఎక్కువ ఉంటే ఎక్కువ ప్రయారిటీ ఉన్నదాని గడువు ముందు తీరుతుంది, అది లేచి నిలబడుతుంది, మిగతావి దాని ప్రకటన విని సర్దుకుంటాయి. ఓటింగు, చర్చ ఏమీ లేవు. ఎవరి గడియారం ముందు మోగితే వాళ్లది పదవి. మూడు సెకన్లంటే ఫోన్ కాల్‌లో 20 మిల్లీసెకన్లకో ప్యాకెట్ చొప్పున 150 ప్యాకెట్లు. కాల్ తెగదు, అవతలి గొంతు కాసేపు మాయమవుతుంది. సగం దిగిన ఫైలు పోయిన ముక్కలను మళ్లీ అడిగి తెచ్చుకుంటుంది.

యాక్టివ్ స్విచ్‌ను మర్యాదగా ఆపితే సంగతి వేరు. అది వెళ్లేముందు ప్రయారిటీ సున్నా అని చివరి ప్రకటన పంపుతుంది. బ్యాకప్ ఇక మూడు సెకన్లు ఆగదు, ఆ 0.61 మాత్రమే ఆగుతుంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ప్యాకెట్ ట్రేసర్ మీదా జీఎన్‌ఎస్3 మీదా నేర్చుకునే పిల్లలు ‘షట్‌డౌన్’ కొట్టి ఫెయిలోవర్, అంటే ఈ డ్యూటీ మార్పు, చూసి సంతోషపడతారు. సంతోషపడాల్సిందే, మొదటిసారి చూస్తే అది అద్భుతమే. కానీ అసలు స్విచ్‌లు అంత శుభ్రంగా చావవు. కరెంటు ఉంటుంది, లైట్లు వెలుగుతుంటాయి, లోపల ప్రాసెసర్ ఊపిరాడక ప్రకటనలు ఆలస్యంగా పంపుతుంటుంది. ఫైబర్ జతలో ఒక పోగు బాగుంటుంది, రెండోది విరుగుతుంది. అప్పుడు ఇటు మాట అటు చేరుతుంది, అటు మాట ఇటు చేరదు.

బ్యాకప్‌కు వచ్చిన కష్టం ఇక్కడే మొదలవుతుంది. దానికి తెలిసిన సమాచారం ఒక్కటే: మూడు సెకన్లుగా ఏమీ వినిపించలేదు. యాక్టివ్ చచ్చిపోయి ఉండవచ్చు. బతికే ఉండి మధ్యలో తీగ తెగి ఉండవచ్చు. లేదా పని ఎక్కువై ఆలస్యమై ఉండవచ్చు. మూడింటిలో ఏదైనా బ్యాకప్ వైపు నుంచి ఒకేలా కనిపిస్తుంది. 1985లో మైఖేల్ ఫిషర్, నాన్సీ లించ్, మైఖేల్ ప్యాటర్సన్ అనే ముగ్గురు గణితపరంగా నిరూపించిన విషయానికి మూలం ఈ చిక్కే. సందేశం ఎంతసేపట్లో చేరుతుందో హామీ లేని చోట, యంత్రాల్లో ఒక్కటి ఆగిపోయే అవకాశం ఉన్నా చాలు, మిగతావన్నీ ప్రతిసారీ ఒకే నిర్ణయానికి వచ్చి తీరతాయని హామీ ఇచ్చే నిశ్చిత పద్ధతి ఉండదు. ఆలస్యాన్నీ చావునూ వేరుచేసి చూడలేకపోవడమే కారణం. ఎంత తెలివైన ఇంజినీరైనా ఈ గోడను దాటలేడు. దాటినట్టు కనిపించేవాళ్లలో చాలామంది కాలం గురించి ఏదో ఒకటి అనుకుని ముందుకెళ్తారు. వీఆర్‌ఆర్‌పీలోని మూడు సెకన్లు అలాంటి ఊహే. 2010లో వచ్చిన మూడో వెర్షన్‌లో ప్రకటనల మధ్య ఎడం సెకనులో నూరో వంతు దాకా తగ్గించుకోవచ్చు. సెకనుకు పదిసార్లు ప్రకటిస్తే ఫెయిలోవర్ 0.36 సెకన్లలో అయిపోతుంది. అయితే ఆలస్యాన్ని చావుగా పొరబడే అవకాశం కూడా అంతే పెరుగుతుంది. పందెం త్వరగా వేస్తే తప్పు పందేలు ఎక్కువవుతాయి.

రెండే యంత్రాలున్నప్పుడు మెజారిటీ అనే మాటకు అర్థం లేదు. ఒకటి ఔనని, ఒకటి కాదని అంటే తేల్చే మూడోది లేదు. 2022 నవంబరు 22న అమెజాన్ వెబ్ సర్వీసెస్ హైదరాబాద్‌లో తన రీజియన్‌ను మూడు అవైలబిలిటీ జోన్లతో, అంటే ఒకదానికొకటి వేరుగా నడిచే భాగాలతో, తెరిచింది. మూడు ఉంటే ఒకటి తెగిపోయినా మిగిలిన రెండూ కలిసి మెజారిటీ అవుతాయి, డేటాబేస్ ఏ కాపీని నమ్మాలో తేల్చుకోగలుగుతుంది. బ్యాంకు లెడ్జర్‌లాంటి చోట అదే సరైన దారి. అనుమానం వస్తే ఆగిపోవాలి. ఖాతాలో ఒకే డబ్బును రెండు చోట్ల ఖర్చు పెట్టనివ్వడం కన్నా కాసేపు ఏటీఎం పనిచేయకపోవడమే నయం.

గేట్‌వే దగ్గర మాత్రం వీఆర్‌ఆర్‌పీ ఉద్దేశపూర్వకంగా దానికి విరుద్ధమైన పక్షం ఎంచుకుంది. అనుమానం వస్తే ఆగదు, పగ్గాలు అందుకుంటుంది. ఎవరూ లేకపోవడం కన్నా ఇద్దరుండటం మేలని దాని తీర్పు. చాలా మంది కాన్ఫిగరేషన్ ఆరు లైన్లూ కొట్టేస్తారు గానీ ఈ తీర్పును చూడరు. చూడనివాళ్లకు ‘స్ప్లిట్ బ్రెయిన్’ వచ్చిన రోజున ఏం జరుగుతోందో అంతుపట్టదు.

రెండు కోర్ స్విచ్‌ల మధ్య దారులన్నీ తెగి, రెండూ తామే యాక్టివ్ అనుకున్నాయనుకోండి. కొన్ని అంతస్తులు మొదటిదానికీ, కొన్ని రెండోదానికీ అతుక్కుని మిగిలాయి. లోపలి నుంచి బయటికి పోయే ప్యాకెట్‌కు ఇబ్బందేమీ లేదు, తన వైపున్న గేట్‌వే పంపిస్తుంది. కష్టం తిరుగు ప్రయాణంలో. ఇంటర్నెట్ నుంచి వచ్చే జవాబుకు 10.20.20 నెట్‌వర్క్ రెండు కోర్‌ల వెనకా ఉన్నట్టే కనిపిస్తుంది. మొదటిదాని దగ్గరికి వచ్చిన జవాబు రెండోదాని కింద ఉన్న లాప్‌టాప్‌ది అయితే అక్కడితో దాని పని సరి. ఫలితం విచిత్రంగా ఉంటుంది. ఒకే ఆఫీసులో కొందరికి మెయిల్ తెరుచుకుంటుంది, వీడియో కాల్ రాదు. పక్కవాళ్లకు అన్నీ వస్తాయి. పూర్తిగా ఆగిపోయిన నెట్‌వర్క్‌లో తప్పు వెతకడం కన్నా సగం పనిచేసే నెట్‌వర్క్‌లో వెతకడం ఎప్పుడూ కష్టం. స్విచ్ లాగ్‌లో ఒకే మ్యాక్ అడ్రస్ ఒక పోర్టు నుంచి ఇంకో పోర్టుకు గెంతుతున్నట్టు కనిపిస్తే, తెగింది పూర్తిగా కాదు, సగమే అని గుర్తు. అందుకే రెండు కోర్‌ల మధ్య లింకును ఎప్పుడూ ఒక్క కేబుల్ మీద వదలకూడదు. వేర్వేరు కార్డుల్లో, వేర్వేరు దారుల్లో కనీసం రెండు ఉండాలి. పొదుపు చేయాల్సిన చోటు ఇది కాదు.

దీనికి అద్దంలో ప్రతిబింబం లాంటి జబ్బు ఇంకొకటుంది. యాక్టివ్ స్విచ్ బాగానే ఉంది, ప్రకటనలు టంచనుగా పంపుతోంది, కానీ దాని వెనక ఇంటర్నెట్ లింకు తెగింది. బ్యాకప్ ‘అంతా క్షేమం’ అనుకుని కూర్చుంటుంది. అంతస్తు మొత్తం మూసిన తలుపు దగ్గర నిలబడుతుంది. దీనికి విరుగుడు ‘ట్రాకింగ్’. లింకు పోతే ప్రయారిటీని తనంతట తానే తగ్గించుకోమని స్విచ్‌కు చెప్పి ఉంచుతారు. ఇక్కడొక లెక్క తప్పకూడదు. యాక్టివ్‌కు 110, బ్యాకప్‌కు 100 పెట్టి, లింకు పోతే పది తగ్గించమన్నామనుకోండి. 110 కాస్తా 100 అవుతుంది, ఎదుటిదీ 100. వీఆర్‌ఆర్‌పీలో బ్యాకప్ తనతో సమానమైన ప్రకటన విన్నా ఊరుకుంటుంది, తనకన్నా తక్కువది వింటేనే లేస్తుంది. ఇరవై తగ్గిస్తే 90 అవుతుంది, అప్పుడు మారుతుంది. అంతా సరిగ్గా ఉన్నట్టు కనిపిస్తూ, అవసరమైన రోజున మాత్రమే బయటపడే తప్పు ఇది.

ఇంటర్‌ఫేస్ ‘అప్’ అని ఉన్నంత మాత్రాన దారి బతికుందని కూడా కాదు. సర్వీస్ ప్రొవైడర్ పెట్టె మన భవనం సెల్లారులోనే ఉంటుంది. మన స్విచ్ నుంచి దాని దాకా ఉన్న పాతిక మీటర్ల తీగ బాగానే ఉంటుంది, కిలోమీటరు అవతల ఫైబర్ తెగి ఉంటుంది. కాబట్టి దూరంగా ఉన్న ఒక స్థిరమైన చిరునామాకు స్విచ్ స్వయంగా పింగ్ పంపి, అది ఆగితే ప్రయారిటీ తగ్గించుకునేలా పెట్టాలి.

హైదరాబాద్‌లో ఈ దారుల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సముద్రం లేని ఊరు మనది. విదేశాలకు పోయే ట్రాఫిక్ ముంబైకో చెన్నైకో చేరి, అక్కడ సముద్రపు కేబుల్ ఎక్కాలి. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర రెండు కేబుళ్లు ఒకే రోజు తెగినప్పుడు భారతదేశపు ఇంటర్నెట్ బాగా దెబ్బతింది. రెండు వేర్వేరు వ్యవస్థలే, కానీ సాగింది ఒకే ప్రాంతపు సముద్రగర్భంలో. నగరం లోపలి దారులదీ ఇదే కథ. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు తగిలి ఐదుగురు ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత విద్యుత్ పంపిణీ సంస్థ స్తంభాలకు వేలాడే కేబుళ్లను తొలగించడం మొదలుపెట్టింది. నగరంలో ఎన్నో ఇళ్లలో ఇంటర్నెట్ ఆగింది, వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. ప్రాణాల ముందు ఇంటర్నెట్ ఎంత అన్నది వేరే చెప్పక్కర్లేదు. నెట్‌వర్క్ లెక్కలో మాత్రం తేలింది ఇది: రెండు కంపెనీల కనెక్షన్లు తీసుకున్న ఇంట్లోనూ ఆ రెండు తీగలూ ఒకే స్తంభం మీంచి వచ్చి ఉంటే, ఉన్నది ఒకే దారి. రాయదుర్గం, గచ్చిబౌలి ఆఫీసులకైతే స్తంభం బదులు రోడ్డు కింద గొయ్యి. ప్రొవైడర్ల పేర్లు రెండున్నాయా అని కాదు అడగాల్సింది. భవనంలోకి ఏ పక్క నుంచి వస్తున్నాయి, ఏ రోడ్డు వెంట పోతున్నాయి, ఎక్కడ కలుస్తున్నాయి అని మ్యాపు ముందు పెట్టించి అడగాలి. ఆ మ్యాపు ఇవ్వని ప్రొవైడర్‌ను రెండో లింకుగా లెక్కపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

రెండో పేరాలోని మూడు సెకన్ల ఫలితానికి వీఆర్‌ఆర్‌పీ ఒక్కటే కారణం కాదు. ఆఫీసులో ప్రతి అంతస్తు స్విచ్ నుంచీ రెండు కోర్‌లకూ తీగలుంటాయి. అలా గుండ్రంగా కలిసిన దారుల్లో ప్యాకెట్లు అనంతంగా తిరగకుండా, 1985లో రేడియా పెర్ల్‌మన్ డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో కనిపెట్టిన స్పానింగ్ ట్రీ కొన్ని పోర్టులను మూసి ఉంచుతుంది. మొదటి కోర్ పోతే రెండో కోర్ 3.6 సెకన్లలో గేట్‌వే అవుతుంది, నిజమే. కానీ అంతస్తు నుంచి దాని వైపున్న పోర్టు మూసి ఉంది. పాత స్పానింగ్ ట్రీ అయితే దాన్ని తెరవడానికి 30 సెకన్లు తీసుకుంటుంది. గేట్‌వే సిద్ధంగా ఉంటుంది, దాని దగ్గరికి దారే ఉండదు. 2001లో వచ్చిన ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ ఆ పనిని సరైన అమరికలో సెకనులోపు చేస్తుంది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. స్పానింగ్ ట్రీలో రూట్, అంటే మూల స్విచ్, అయినదే ఆ అంతస్తు నెట్‌వర్క్‌కు (వీలాన్‌కు) వీఆర్‌ఆర్‌పీ యాక్టివ్ కూడా కావాలి. లేకపోతే ప్రతి ప్యాకెట్ ఒక కోర్‌కు ఎక్కి, మధ్య లింకు దాటి రెండో కోర్‌కు పోయి, అప్పుడు బయటపడుతుంది. పని జరుగుతుంది కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు, ఆ మధ్య లింకు నిండిపోయేదాకా.

పోయిన స్విచ్ తిరిగొచ్చేటప్పుడు కూడా తొందరపాటు ఉంటుంది. వీఆర్‌ఆర్‌పీలో ఎక్కువ ప్రయారిటీ ఉన్నది రాగానే పదవి లాక్కోవడం మామూలు. రీబూట్ అయిన స్విచ్ పోర్టులు వెలగగానే ‘నేను 110’ అంటుంది, రెండోది తప్పుకుంటుంది. అప్పటికి దానికి బయటి దారులు ఇంకా తెలియవు, రౌటర్లు దారులు చెప్పుకునే బీజీపీ పద్ధతిలో పొరుగువాళ్లతో మాటలు పూర్తికావడానికి నిమిషాలు పట్టవచ్చు. పోయినప్పుడు మూడు సెకన్లు ఆగిన ఆఫీసు, తిరిగొచ్చినప్పుడు మూడు నిమిషాలు ఆగుతుంది. పదవి తీసుకునే ముందు కొన్ని నిమిషాలు ఆగమని ఒక్క లైను రాస్తే ఈ బాధ ఉండదు. శనివారం పరీక్షలో కరెంటు తీసి చూసి టిక్ పెట్టి వెళ్లిపోయేవాళ్లు సగం పరీక్షే చేసినట్టు. కరెంటు తిరిగి ఇచ్చి, ఆ తర్వాతి పది నిమిషాలూ పింగ్ చూడాలి.

డేటా సెంటర్లలో ఈ కథ ఇప్పుడు వేరే మలుపు తిరిగింది. పబ్లిక్ క్లౌడ్‌లో వీఆర్‌ఆర్‌పీ ప్రకటనలకు సాధారణంగా చోటులేదు. అమెజాన్ సబ్‌నెట్‌లో ఒకటో నంబరు చిరునామాను కంపెనీ తన రౌటర్‌కే ఉంచుకుంటుంది. మీ రెండు సర్వర్ల మధ్య చిరునామా మారాలంటే ప్రకటనతో కాదు, ఏపీఐ కాల్‌తో మార్చాలి. ఇక సొంత డేటా సెంటర్లలో పెద్దవి 2015లో ప్రమాణమైన ఈవీపీఎన్ వైపు నడిచాయి. అక్కడ ప్రతి ర్యాక్ మీదున్న స్విచ్చూ అదే 10.20.20.1, అదే మ్యాక్ అడ్రస్‌తో, ఒకేసారి గేట్‌వేగా ఉంటుంది. ఎన్నిక లేదు, యాక్టివ్ లేదు, మూడు సెకన్ల నిరీక్షణ లేదు. వీఆర్‌ఆర్‌పీలో జబ్బుగా చూసిన స్థితే ఇక్కడ డిజైన్. అది హాని చేయకపోవడానికి కారణం, స్ప్లిట్ బ్రెయిన్‌లో లోపించిన ఆ ఒక్క సమాచారం. ఏ యంత్రం ఏ స్విచ్ కింద ఉందో బీజీపీ ద్వారా స్విచ్‌లన్నీ ఒకదానికొకటి చెప్పుకుంటూ ఉంటాయి, కాబట్టి తిరుగు ప్రయాణంలో జవాబు దారి తప్పదు. సర్వర్‌కు రెండు స్విచ్‌లతో తీగలుంటే, ఒక స్విచ్ పోయినా రెండో తీగ మీద అదే గేట్‌వే అప్పటికే ఉంటుంది.

నాలుగు అంతస్తుల ఆఫీసుకు అంత యంత్రాంగం అనవసరం. దానికి రెండు కోర్ స్విచ్‌లు, వాటి మధ్య రెండు దారుల్లో ఫైబర్, నిజంగా వేరైన రెండు బయటి లింకులు, ఇరవై తగ్గే ట్రాకింగ్, కొన్ని నిమిషాలు ఆగి పదవి తీసుకునే ఒక్క లైను చాలు. ఏడాదికి కనీసం రెండుసార్లు శనివారం ఉదయం వాటిలో ఒకదాని కరెంటు తీసి, మళ్లీ ఇచ్చి చూడాలి.